దమ్ము - దుమ్ము: కారు ఇంజనుకు ఏ గాలిమార్గం మేలు?

తెలుగు బోధించేవారు మోటారు ఇంజనును గురించి వ్రాయడమేమిటని కళాశాల కమిటీ పెద్దలు, విద్యార్థి మిత్రులు ఆశ్చర్యపడవచ్చును. ప్రబంధాలలోని ఋతువర్ణనలను గూర్చి ఒక వ్యాసం ఇస్తామని ఈ సంచిక సంపాదకవర్గానికి మేము మాట ఇచ్చిన సంగతి నిజమే. అది సగంలో ఉండగా బి.కాం. చివరి సంవత్సరం విద్యార్థి ఒకడు స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి, "సార్, మీ కారుకు లోగడ కొత్త గాలిగొట్టం పెట్టించారట గదా! మా అబ్బా కారుకు కూడా పెట్టిద్దామనుకుంటున్నాను. స్కాలర్‌షిప్ డబ్బు వచ్చింది. పొట్టిది మంచిదా, పొడుగుది మంచిదా?" అని అడిగాడు. అతని తండ్రి కారు కర్నూలు, నంద్యాల మధ్య బాడుగకు తిరుగుతుంది. ఆ యింట్లో ఆరుగురి భోజనం ఆ నాలుగు చక్రాల మీదనే ఉన్నది. రెండు మాటలలో జవాబు చెప్పి పంపించదగిన ప్రశ్న కాదది. ఋతువర్ణన వచ్చే ఏటికి వాయిదా పడినది. ఆ మాటకు వస్తే ఇది కూడా గ్రీష్మాన్ని, వర్షాన్ని గూర్చిన వ్యాసమే.

మన ఊరి షెడ్డులలో ఉస్తాదులు బండి ఎత్తు ఎక్కలేకపోతే "గాడీకి దమ్ లేదు" అంటారు. ఉర్దూలో దమ్ అంటే ఊపిరి, బలం కూడా. తెలుగువారు ఆ మాటను తీసుకొని దమ్ము చేసుకున్నారు. ఇంజను విషయంలో ఈ రెండర్థాలు నిజంగానే ఒకటి. 1876లో జర్మనీ దేశస్థుడు నికోలౌస్ ఆటో రూపొందించిన నాలుగు ఘట్టాల ఇంజనే నేటి మన పెట్రోలు కార్లకు మూలం. పిస్టను క్రిందికి దిగుతూ గాలిని పీలుస్తుంది, పైకి వస్తూ దానిని నొక్కుతుంది, ఇంధనం మండినప్పుడు క్రిందికి త్రోయబడుతుంది, తిరిగి పైకి వస్తూ పొగను వెళ్ళగొడుతుంది. పూరకం, కుంభకం, రేచకం అని యోగులు చెప్పే క్రమాన్ని ఇనుముతో చేయించినట్లున్నది.

ఈ ఊపిరి ఎంత? ఒక పాలు పెట్రోలు సరిగా మండాలంటే బరువులో దానికి 14.7 పాళ్ళ గాలి కావాలి. అనగా ఒక్క లీటరు పెట్రోలుకు ఇంచుమించు తొమ్మిదివేల లీటర్ల గాలి. మనం బంకులో పోయించుకొనే ప్రతి లీటరుకూ ఇంజను ఒక చిన్న గదిలో పట్టే గాలిని మింగుతున్నదన్నమాట. 1,200 సి.సి. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతూ పూర్తిగా పీల్చినట్లయితే నిమిషానికి 1,800 లీటర్లు, సెకనుకు రెండు బిందెల గాలి లోపలికి పోతుంది. ఆ గాలి చల్లగా, దట్టంగా ఉంటే అదే సిలిండరులో ఎక్కువ ప్రాణవాయువు పడుతుంది. వేడిగా ఉంటే పలుచబడుతుంది. ప్రతి మూడు డిగ్రీల వేడికీ సాంద్రత సుమారు ఒక శాతం తగ్గుతుంది. మే నెలలో కర్నూలులో బయట 40 డిగ్రీలున్న వేళ బానెట్ క్రింద 70 డిగ్రీల గాలిని పీల్చే ఇంజను దాదాపు తొమ్మిది శాతం ఊపిరిని కోల్పోయినట్లే. అంతేకాదు, వేడిగాలి వలన పెట్రోలు అకాలంగా మండి ఇంజను కొట్టుకొనే ప్రమాదం ఉన్నందున నేటి కార్లలోని కంప్యూటరు నిప్పురవ్వ సమయాన్ని వెనుకకు జరుపుతుంది. బలం మరికొంత తగ్గుతుంది.

చల్లగాలిలో బలమున్నదన్న ఈ ఒక్క సత్యం మీదనే గొట్టాల వ్యాపారం సాగుతున్నది. అమ్మేవారు చెప్పనిదేమంటే, కారుతో వచ్చిన గాలిపెట్టె కూడా చల్లగాలి పెట్టెయే. బానెట్ ఎత్తి చూడండి. నల్లని ప్లాస్టిక్ పెట్టె నుండి ఒక ముక్కు బయలుదేరి హెడ్‌లైటు వెనుకకో, రేడియేటరు పైఅంచుకో పోతుంది. అక్కడ అది ఇంజను వేడి సోకని బయటి గాలిని అందుకొంటుంది. నీరు సులభంగా చేరని ఎత్తులో ఉంటుంది. దారిలో ఒక గుల్ల కూడా తరచుగా కనిపిస్తుంది. అది ఎందుకూ పనికిరాని అడ్డు అని కొందరు పీకి పారవేస్తారు. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్జ్ పేరు మీద ప్రసిద్ధమైన అనునాద సూత్రం ప్రకారం గాలి పీల్చే చప్పుడును మ్రింగడానికి పెట్టిన గుల్ల అది. దానిని తీసివేస్తే ఇంజను గర్జిస్తుంది. గర్జన విన్న నడిపేవారికి వేగం పెరిగినట్లు తోస్తుంది. చెవి కాలిని మోసం చేయడమంటే ఇదే.

బజారులో దొరికే పొట్టి గొట్టాన్ని షార్ట్ ర్యామ్ అంటారు. పెట్టెను, ముక్కును, గుల్లను తొలగించి, జానెడు రెండు జానల లోహపు గొట్టం చివర శంఖం వంటి ఫిల్టరును బానెట్ క్రిందనే నిలుపుతారు. అమర్చడం సులభం, ధర తక్కువ, చప్పుడు ఎక్కువ. గాలికి అడ్డు తగ్గుతుంది, నిజమే. కాని అది పీల్చేది రేడియేటరు వెనుక మరిగిన గాలిని. బండి వేగంగా పోతున్నప్పుడు బానెట్ క్రింద వేడి కొంత తగ్గుతుంది కాబట్టి నష్టం అంతగా తెలియదు. కొండారెడ్డి బురుజు దగ్గర వాహనాల రద్దీలో పది నిమిషాలు నిలిచి బయలుదేరినప్పుడు తెలుస్తుంది. ఇక ర్యామ్ అనే మాట. ఎదురుగాలి దానంతట అదే ఇంజనులోకి దూసుకొని వస్తుందని ఆ పేరు సూచిస్తున్నది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి కలిగించే ఒత్తిడి వాతావరణ పీడనంలో అర శాతం కూడా కాదు. అది కూడా గొట్టం నోరు సూటిగా ఎదురుగాలికి తెరచి ఉంటే! బానెట్ క్రింద దాగిన ఫిల్టరుకు ఆ పాటి కూడా దక్కదు. కొందరు ఫిల్టరు చుట్టూ రేకుతో అడ్డుగోడ కట్టి, ముందునుండి ఒక దారి ఇస్తారు. అది మెరుగే. ఐతే ఆ అడ్డుగోడను నాలుగు వైపులా పూర్తి చేస్తే మనం పారవేసిన పెట్టెయే తిరిగి తయారవుతుంది.

పొడుగు గొట్టం సంగతి వేరు. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ అని దానికి పేరు. గొట్టం ఇంజను గది దాటి క్రిందికి దిగి, బంపరు వెనుకనో చక్రపు తొట్టి ముందునో ఫిల్టరును పెడుతుంది. అక్కడ గాలి నిజంగా చల్లనిది. పందెపు బాటల మీద, ఎక్కువ చుట్లలో తిరిగే ఇంజనుకు దీనివలన కొంత బలం పెరగడం అబద్ధం కాదు. మేము దీనినే ఎన్నుకొన్నాము. ఎన్నుకొన్నది మా బావమరదియే ఐనా డబ్బు ఇచ్చినది మేమే కనుక ఆ నింద అతని మీద వేయము.

మూడేండ్ల క్రిందట మేమిద్దరం కలిసి ఒక పాత 1,200 సి.సి. పెట్రోలు కారు కొన్నాము. అతడు ఒక దుకాణం నుండి పదకొండు వేలు పెట్టి తెప్పించిన పొడుగు గొట్టాన్ని రంజాను తరువాతి వారంలో బిగించారు. బండి పులివలె అరిచినది. ఆ అరుపును మేము కూడా ఇష్టపడ్డామని ఒప్పుకోవాలి. వానాకాలంలో ఒక సాయంకాలం రైలు వంతెన క్రింద నిలిచిన నీటిలో అతడు బండిని దింపాడు. నీరు చక్రంలో సగం వరకే ఉన్నది. ముందు పోయిన ఆటో సులభంగా దాటిపోయినది కూడా. మా కారు నడిమధ్యన ఠక్కున ఆగిపోయినది. అతడు మళ్ళీ తాళం త్రిప్పాడు. ఇంకొకసారి త్రిప్పాడు.

ఉస్తాద్ ఇంజను విప్పి ఒక కనెక్టింగ్ రాడ్‌ను మా చేతికిచ్చాడు. అది సన్నని విల్లువలె వంగి ఉన్నది. "లెక్చరర్ సాబ్, గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్ళు నలగవు" అన్నాడు. భౌతికశాస్త్రం వారు ఒక పుటలో చెప్పే సంగతి అంతే. మేము తరువాత లెక్క వేసి చూచాము. నాలుగు సిలిండర్ల 1,200 సి.సి. ఇంజనులో ఒక్కొక్క సిలిండరు 300 సి.సి. ఉంటుంది. పది రెట్లు నొక్కే ఇంజనైతే పిస్టను పైకి వచ్చినప్పుడు దాని తలపై మిగిలే చోటు సుమారు 33 సి.సి. మాత్రమే. అంతకు మించి నీరు లోపల ఉన్నచో పిస్టనుకు పోవడానికి దారి లేదు, ఏదో ఒకటి వంగాలి. ఇరానీ చాయ్ కప్పులో సగమైనా కాని నీరు అది. మరమ్మతుకు 58 వేలు అయినవి. అందులో 40 వేలు మా చెల్లెలి బి.ఎడ్. ఫీజు కోసం దాచినవి. ఆమె ఒక సంవత్సరం ఆగి చేరినది. నిలిచిన నీటిలో ఇంజను త్రిప్పినందువలన కలిగిన నష్టం తమ పాలసీ పరిధిలోకి రాదని బీమా సంస్థవారు అన్నారు. ఇంజను రక్షణకని వేరుగా ప్రీమియం కట్టినవారికే సాధారణంగా ఆ నష్టం దొరుకుతుందని మాకు అప్పుడు తెలిసినది.

ఇందులో రెండు తప్పులున్నవి. ఫిల్టరును నీటి మట్టానికి దించడం మొదటిది. ఆగిన ఇంజనును తిరిగి త్రిప్పడం రెండవది. ఎవరి కారైనా, ఏ గొట్టమున్నా, నీటిలో ఇంజను ఆగితే తాళం త్రిప్పరాదు. బండిని త్రోసి గట్టెక్కించి, ఫిల్టరు తడిసినదేమో చూడాలి. తడిసి ఉంటే స్పార్కు ప్లగ్గులు విప్పించి, లోపలి నీటిని వెళ్ళగొట్టిన తరువాతనే ఇంజను కదపాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచిన దినాలు మన ఊరి పెద్దలకు గుర్తే. 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ చూచినదీ అదే. అంతటి నీటిలో ఏ గొట్టమూ కాపాడదు. కాని మోకాటి లోతు నీరు మన పట్టణాలలో ప్రతి వానకూ నిలుస్తుంది. ఆ నీటికి పొడుగు గొట్టం లొంగిపోతుంది, కంపెనీ ముక్కు చాలావరకు నిలుస్తుంది. నీరు తగిలినప్పుడు పైనుండి గాలి తీసుకొనే కవాటాన్ని కొందరు తయారీదారులు పొడుగు గొట్టాలకు అమ్ముతారు. ఫిల్టరు పూర్తిగా మునగనంత వరకు దానివలన ప్రయోజనమున్నది.

నీటి సంగతి ఏడాదికి నాలుగు దినాలు. దుమ్ము సంగతి అలా కాదు.

బేతంచెర్ల బండల లారీల వెనుక ఒక గంట ప్రయాణం చేసినవారికి దుమ్మును గూర్చి మేము చెప్పవలసినది లేదు. మన దారుల దుమ్ములో ఇసుక పొడి కలిసి ఉంటుంది. ఇసుకలోని స్ఫటికం మోస్ కొలబద్ద మీద ఏడవ మెట్టు కఠినమైనది, మామూలు ఇనుమును గీయగలది. తల వెండ్రుక మందం సుమారు 70 మైక్రానులుంటే, పిస్టను రింగులను అరగదీసే రేణువులు పది, ఇరవై మైక్రానుల పాటివి. కంటికి కనబడవు. నూనెతో కలిసి అవి సిలిండరు గోడల మీద ఆకురాయి పని చేస్తాయి. ఎయిర్ ఫిల్టర్ల పరీక్షకు ఐ.ఎస్.ఓ. 5011 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది. ఆ పరీక్షలో వాడే దుమ్ముకు అరిజోనా దుమ్ము అనే పేరు. అమెరికాలోని ఆ ఎడారి ప్రాంతపు మట్టి నుండి తయారైన దుమ్మును ప్రపంచమంతా కొలతగా వాడుకొంటున్నది. ఫిల్టరు కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న "ఎంత గాలి వదులుతుంది?" అని కాదు. "ఈ పరీక్షలో ఎంత దుమ్ము ఆపినది?" అని అడగాలి. జవాబు చెప్పలేని దుకాణదారు దగ్గర కొనకపోవడం మంచిది.

కాగితపు ఫిల్టరు చూడడానికి పేలవంగా ఉంటుంది గాని దాని పని గట్టిది. పైన కొంత దుమ్ము పేరుకొన్న కొద్దీ ఆ దుమ్మే మరింత సన్నని దుమ్మును పట్టుకొంటుంది. చివరకు ఊపిరి బిగుసుకొంటుంది, అప్పుడు మార్చాలి. దానిని నేలకేసి కొట్టి, కంప్రెసరు గాలితో ఊది మళ్ళీ బిగించే అలవాటు మన షెడ్డులలో ఉన్నది. ఆ గాలి దెబ్బకు కాగితంలో కంటికి కనబడని చినుగులు పడతాయి. మూడు నాలుగు వందల కాగితాన్ని పొదుపు చేసి రింగులను పారవేసుకోవడమన్నమాట. నూనె పూసిన నూలు గుడ్డ ఫిల్టరు రెండవ రకం. దీనిని కడిగి మళ్ళీ వాడవచ్చును, గాలికి అడ్డు తక్కువ. ఐతే నూనె తక్కువైతే దుమ్ము దాటుతుంది. ఎక్కువైతే ఆ నూనె ముందుకు పోయి గాలిని కొలిచే సన్నని వేడి తీగకు అంటుకొంటుంది. ఆ తీగ తప్పు కొలత ఇస్తే కంప్యూటరు తప్పు పాళ్ళలో పెట్రోలు పోస్తుంది. వేడి తీగకు బదులు గొట్టంలోని పీడనాన్ని కొలిచి లెక్క కట్టే పద్ధతి చాలా చిన్న పెట్రోలు కార్లలో ఉన్నది. వాటికి ఈ బాధ తక్కువ. మీ కారు ఏ పద్ధతిదో తెలుసుకొనకుండా గొట్టం మార్చరాదు. వేడి తీగ ఉన్న కారులో గొట్టం వెడల్పు మారినా కొలత తప్పుతుంది.

ట్రాక్టరు నడిపే కుటుంబాల నుండి వచ్చిన విద్యార్థులు ఒక సంగతి గమనించి ఉంటారు. ట్రాక్టరు గాలిని బానెట్ పైకి లేచిన గొట్టం ద్వారా తీసుకొంటుంది, క్రిందినుండి కాదు. ఎంత పైకి పోతే అంత దుమ్ము తక్కువ. అక్కడ గాలిని సుడి త్రిప్పి పెద్ద రేణువులను విసరివేసే గిన్నె ఉంటుంది. పాత ట్రాక్టర్లలో దాని తరువాత నూనె తొట్టి. దున్నే పొలపు దుమ్ములో సంవత్సరాల తరబడి బ్రతకవలసిన ఇంజను కోసం ఇంజనీర్లు చేసిన ఏర్పాటు అది. పొడుగు గొట్టం సరిగా దానికి తలక్రిందులుగా, ముందు చక్రం దుమ్ము రేపే చోటికే ముక్కును దించుతున్నది. మా ఉస్తాద్ ఈ పోలిక చెప్పేవరకు మాకు తట్టలేదు. ఎం.ఏ. పట్టా ఇటువంటి వాటికి సాయపడదు.

ఇక మైలేజి. బాడుగ కారు నడిపేవారిని ఆకర్షించేది ఇదే. లీటరుకు రెండు కిలోమీటర్లు పెరుగుతుందంటే ఎవరికి ఆశ పుట్టదు? అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు 2009లో ప్రకటించిన పరిశీలనలో, ఇంజెక్షను పద్ధతి గల నేటి కార్లలో ఫిల్టరు మురికితో మూసుకుపోయినప్పటికీ ఇంధన వినియోగంలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. వేగం పుంజుకోవడంలో మాత్రం మందకొడితనం కనబడినది. కారణం ఆలోచిస్తే సులభమే. నిదానంగా పోయేటప్పుడు మనమే థ్రాటిల్ రేకును సగం మూసి ఇంజను గొంతు నొక్కుతున్నాము. దాని ముందున్న ఫిల్టరు కొంచెం బిగుతైనా వదులైనా పాదం ఆ మేరకు సర్దుకుంటుంది, కంప్యూటరు వచ్చిన గాలికి సరిపడా పెట్రోలు పోస్తుంది. మురికి ఫిల్టరుతోనే మైలేజి తగ్గనప్పుడు, శుభ్రమైన కంపెనీ ఫిల్టరును తీసి గొట్టం పెట్టినందువలన పెరుగుతుందనడం ఎట్లా పొసగుతుంది? కార్బురేటరు కాలం నాటి బండ్లకు మాత్రం మురికి ఫిల్టరు వలన పెట్రోలు వృథా అయ్యేది. మెకానిక్కుల నోట ఇప్పటికీ నిలిచిన మాట ఆ కాలపుది.

చట్టాన్ని గూర్చి ఒక్క మాట. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ విభాగం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీనిని గట్టిగానే చెప్పినది. బాడుగ కారు ఫిట్‌నెస్ పరీక్షకు నిలబడవలసినది కనుక, బానెట్ క్రింద మెరిసే గొట్టం అక్కడ ప్రశ్నలకు దారితీయవచ్చును.

ఇంత చెప్పిన మీదట ఆ విద్యార్థి ప్రశ్నకు జవాబు మిగిలి ఉన్నది. ఆరుగురి భోజనం మోసే కారుకు పొట్టిదీ వద్దు, పొడుగుదీ వద్దు. కంపెనీ పెట్టెను ఉండనిచ్చి, దాని మూత క్లిప్పులు, రబ్బరు అంచు సరిగా పట్టుకొన్నవో లేదో చూచుకోవాలి. పుస్తకంలో వ్రాసిన కిలోమీటర్లకు కాకుండా, మన దుమ్ముకు తగినట్లు ముందుగానే కాగితం మార్చాలి. ఫిల్టరు తీసినప్పుడు దాని వెనుకనున్న గొట్టం లోపలి గోడను తెల్లని గుడ్డతో తుడవండి. గుడ్డకు గరుకు దుమ్ము అంటితే ఎక్కడో దొంగదారి ఉన్నదని గుర్తు. ఖర్చు చేసి తీరాలన్న ఉబలాటముంటే పెట్టెలోనే సరిపోయే మంచి రకం ఫిల్టరు ఒకటి వేసుకోవచ్చును. దానివలన బలం పెరగడం వేలితో లెక్కించేంతే, కాని కీడు కూడా అంతే స్వల్పం. సొంత సరదాకు, పొడి దినాలలో, పందెపు బాట మీద నడిపేవారికి పొడుగు గొట్టం ఉన్నది. అటువంటివారు మన కళాశాలలో ఎవరూ లేరనే అనుకుంటున్నాము.

ఈ వ్యాసం చిత్తుప్రతిని అచ్చుకు ఇచ్చే ముందు ఆ విద్యార్థికే చదవమని ఇచ్చాము. రెండు దినాల తరువాత తెచ్చి ఇస్తూ, "సార్, ఆ గొట్టం ఇంకా మీ ఇంట్లోనే ఉన్నదా?" అని అడిగాడు. అటక మీద ఉన్నదన్నాము. ఒకసారి చూస్తానన్నాడు. ఆదివారం రమ్మన్నాము. వంగిన రాడ్ కూడా దాని ప్రక్కనే ఉన్నది. ఉస్తాద్‌ను కూడా రమ్మని కబురు చేశాము.